నాగావళి తీరపు చిత్రకారుడు - వడ్డాది పాపయ్య

చందమామ మాసపత్రిక ఇంటికి వచ్చిన దినమున పిల్లలు మొట్టమొదట చదివినది కథ కాదు, అట్టమీది బొమ్మ. అక్షరములు రాని పసివాడు కూడ ఆ బొమ్మను చదువగలిగెడివాడు. కోపముతో కనుబొమలు ముడిచిన రాక్షసుని, విల్లు వంచుచున్న రాజకుమారుని, మేఘములలో తేలిపోవు దేవతను చూచి, లోపలి కథను తానే అల్లుకొనెడివాడు. ఆ బొమ్మ అడుగున ఒక మూలగా వ.పా. అను తెలుగు అక్షరములు కనిపించెడివి. ఆ అక్షరములను ఎరిగినవారు తెలుగునాట అసంఖ్యాకులు. వాటి వెనుకనున్న మనుష్యుని ఎరిగినవారు మాత్రము మిక్కిలి కొద్దిమంది. ఆయనయే శ్రీ వడ్డాది పాపయ్యగారు. తన చిత్రములను ఇంటింటికిని పంపి, తాను మాత్రము తన ఇంటనే దాగియుండిన ఆ చిత్రకారుని జీవితము, ముఖ్యముగ ఉపాధ్యాయులకును విద్యార్థులకును తెలియదగినది.

పాపయ్యగారు 1921 వ సంవత్సరము సెప్టెంబరు 10 వ తేదీన శ్రీకాకుళములో జన్మించిరి. తండ్రి రామమూర్తిగారు, తల్లి మహాలక్ష్మిగారు. ఆనాటికి శ్రీకాకుళము జిల్లా కేంద్రము కాదు. అది చెన్నపురి రాజధానిలో గంజాము జిల్లాకు చెందిన పట్టణము. 1936 లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు విశాఖపట్టణము జిల్లాలో చేరినది. 1950 లో మాత్రమే తన పేరిట ఒక జిల్లాను పొందినది. నాగావళి ఒడ్డుననున్న ఆ పట్టణమునకు చేరువలోనే అరసవిల్లి సూర్యదేవాలయమును, ప్రాకార మండపపు గోడలపై వర్ణచిత్రములు గల శ్రీకూర్మమును, కొంత దూరమున వంశధార ఒడ్డున శిల్పసంపదకు పేరొందిన శ్రీముఖలింగమును ఉన్నవి. పొందూరు సన్ననూలు వస్త్రము ఈ సీమదే. చేతిపనియందలి నేర్పు ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. అయితే చిత్రలేఖనమునే వృత్తిగా గొని బ్రదుకవలెనన్న బాలునకు ఆ ఊర బడియు లేదు, ఆశ్రయమును లేదు.

అతనికున్నది తండ్రి. రామమూర్తిగారు పాఠశాలలో డ్రాయింగు మాష్టరు. ఆ కాలమున బడిలో లెక్కల మాష్టరునకున్న గౌరవము కాని, తెలుగు పండితునకున్న ప్రతిష్ఠ కాని డ్రాయింగు మాష్టరునకు ఉండెడిది కాదు. పరీక్షకు రాని పాఠము చెప్పువాడని ఆయనను చిన్నచూపు చూచుట పరిపాటి. కాని ఆ ఇంట కుంచెలును, రంగులును, కాగితములును ఉండెను. బిడ్డడు గీసినదానిని చూచి, చేయి ఎక్కడ తప్పినదో చెప్పగల కన్ను ఉండెను. పాపయ్యగారికి మొదటి గురువును తండ్రియే, ముఖ్య గురువును తండ్రియే. అయిదేండ్ల వయసుననే ఆయన హనుమంతుని బొమ్మ గీసిరని చెప్పుదురు.

ఆ ఇంటి గోడమీద రాజా రవివర్మ చిత్రించిన కోదండరాముని పటము ఒకటి ఉండెడిది. బాలుడు ఆ పటమును చూచి చూచి, తనంతట తానుగా అటువంటి రాముని గీసెనని ఆయన జీవితమును గూర్చి చెప్పువారందరును చెప్పు ముచ్చట. ఇందులో మనము గమనింపదగిన విషయమొకటి కలదు. రవివర్మ తిరువాన్కూరు సీమవాడు, 1906 లోనే కీర్తిశేషుడైనవాడు. ఆయన మూలచిత్రములు రాజభవనములలో ఉండెను. మరి శ్రీకాకుళములో ఒక డ్రాయింగు మాష్టరు ఇంటికి ఆయన రాముడెట్లు వచ్చెను? 1894 లో రవివర్మ బొంబాయిలో స్థాపించిన ముద్రణాలయము వలన. అచ్చుయంత్రము లేకున్నచో ఆ రాముడు రాజుల గోడలు దాటి రాకపోయియుండును. ఒక అచ్చు పటము ఒక బాలునిలో చిత్రకారుని మేల్కొల్పెను. ఆ బాలుడు పెద్దవాడై, తన చిత్రములను కూడ అచ్చుయంత్రమునకే అప్పగించి, వేలకొలది ఇండ్లలోని బాలురను మేల్కొల్పెను. పాపయ్యగారి జీవితమంతయు ఈ ఋణము తీర్చుకొనుటయే అనిన తప్పులేదు.

ఆ రోజులలో తెలుగుదేశమున చిత్రకళ ఏ స్థితిలో ఉండెనో కొంత చెప్పవలసియున్నది. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు క్రొత్త మార్గము త్రొక్కి, 1925 లో ఇరువదియెనిమిదవ యేటనే అస్తమించెను. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద కుమార చటోపాధ్యాయుడు వంగదేశపు చిత్రణరీతిని నేర్పెను. అడివి బాపిరాజు మున్నగువారు అచ్చటి శిష్యులు. చెన్నపట్టణమున దేవీప్రసాద్ రాయ్ చౌధురి అధ్యక్షతన చిత్రకళాశాల వర్ధిల్లుచుండెను. ఉత్తరాంధ్రమున విజయనగర సంస్థానము సాహిత్యసంగీతములను పోషించినది. 1919 లో అచ్చట సంగీత కళాశాల వెలసి, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులైరి. గానము నేర్వగోరు బాలుడు విజయనగరము పోవచ్చును. చిత్రలేఖనము నేర్వగోరువాడు పోవలసిన చోటు ఈ సీమలో లేదు. పాపయ్యగారికి సమకాలికులైన అంట్యాకుల పైడిరాజుగారు బొబ్బిలిలో పుట్టి, చెన్నపట్టణమున రాయ్ చౌధురిగారి వద్ద చదివి, విజయనగరమునకు తిరిగివచ్చి చిత్రకళను బోధించిరి. పల్లెపడుచుల చిత్రములతో పేరు గాంచిరి. ఒకే సీమకు చెందిన వీరిద్దరి మార్గములు వేరు. పైడిరాజుగారిది కళాశాల మార్గము, ప్రదర్శనశాల మార్గము. పాపయ్యగారిది తండ్రి ఒడి నుండి నేరుగా పత్రికాకార్యాలయమునకు సాగిన మార్గము.

ఆ మార్గమునకు తొలిమెట్లు భారతి, ఆంధ్రపత్రికలు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924 లో నెలకొల్పిన భారతి, సాహిత్యముతో పాటు చిత్రకళకును పీఠము వేసినది. ఆ పత్రికలోని వర్ణచిత్రముల వలననే, ప్రదర్శనశాల ఎట్లుండునో ఎరుగని ఊళ్లలోని చదువరులు గొప్ప చిత్రకారుల పనిని చూడగలిగిరి. పాపయ్యగారి చిత్రములు ఇట్టి పత్రికలలో వెలువడి రసికుల దృష్టికి వచ్చినవి. ఒక వంక రవివర్మ మార్గమున నిండైన శరీరము, వెలుగునీడలు, నిజమనిపించు వస్త్రముల మడతలు. మరియొక వంక వంగదేశపు మార్గమున లలితమైన రేఖ, తడితడిగా ఒకదానిలో ఒకటి కరగు నీటిరంగులు. ఈ రెండును ఆనాడు పరస్పర విరోధములని తలచెడివారు. పాపయ్యగారి చిత్రములలో ఆ విరోధము కనబడదు. ఆయన మూర్తులు రవివర్మ మూర్తులవలె నిండుగా నిలుచును, కాని వానిని చుట్టిన రేఖ వంగి, సాగి, నాట్యమాడును. కళాశాలలో చేరియుండినచో ఏదో ఒక పక్షమును వహింపవలసివచ్చెడిదేమో. ఇంట నేర్చినవాడగుటచే ఆయనకు ఆ నిర్బంధము లేకపోయినది.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు చెన్నపట్టణమున చందమామను స్థాపించిరి. చక్రపాణిగారు శరత్ నవలలను తెలుగు చేసిన రచయిత, చిత్రనిర్మాత. అంతకు మించి, ఎవరియందు ఏ శక్తి యున్నదో కనిపెట్టగల దృష్టి గలవారు. చందమామకు చిత్ర, శంకర్ వంటి చిత్రకారులు లోపలి కథలకు బొమ్మలు వేయుచుండిరి. ముఖచిత్రములను మొదట ఎం.టి.వి. ఆచార్యగారు మహాభారత ఘట్టములతో తీర్చిరి. ఆయన పిమ్మట, 1950 వ దశకము ముగియుచుండగా, ఆ బాధ్యత పాపయ్యగారికి వచ్చినది. నాటినుండి సుమారు మూడు దశాబ్దులు ఆయన కుంచె ఆ పనిని విడువలేదు. చందమామ ఒక్క తెలుగున వచ్చు పత్రిక కాదు. అరవము, కన్నడము, మలయాళము, హిందీ, మరాఠీ, గుజరాతీ, ఒరియా మొదలుగా పెక్కు భాషలలో వెలువడెడిది. కథలు భాషాంతరము పొందెడివి కాని, ముఖచిత్రమునకు భాషాంతరముతో పనిలేదు. కటకములోని బాలుడును, మైసూరులోని బాలికయు, శ్రీకాకుళములోని పసివాడును ఒకే నెలలో ఒకే బొమ్మను చూచెడివారు.

పత్రిక అట్టకు బొమ్మ వేయుట గోడకు బొమ్మ వేయుట వంటిది కాదు. పైభాగమున పత్రిక పేరు నిలుచుటకు చోటు విడువవలెను. పొడుగుపాటి కాగితములో యుద్ధమైనను, స్వయంవరమైనను ఇమిడిపోవలెను. అంగడిలో తాడుకు వ్రేలాడదీసిన ఇరువది పత్రికల నడుమ అది దూరమునుండియే కన్నులను లాగవలెను. అంతకన్న కష్టమైనది అచ్చు. ఆనాడు వర్ణచిత్రమును అచ్చొత్తుటకు దాని రంగులను పసుపు, ఎరుపు, నీలము, నలుపులుగా వేరుపరచి, ఒక్కొక్కదానిని సన్నని చుక్కలుగా మార్చి, ఒకదానిపై ఒకటిగా అద్దెడివారు. ఒకటి వెంట్రుకవాసి ప్రక్కకు జరిగినను దేవకన్య ముఖము చెదరిపోవును. మూలచిత్రమునందలి పలుచని ఛాయలు కాగితముపై మాసిపోవును. కావున పత్రికా చిత్రకారుడు తాను వేసిన బొమ్మను కాక, అచ్చులోనుండి వెలువడబోవు బొమ్మను ముందే మనసున చూడగలిగి యుండవలెను. పాపయ్యగారి చిత్రములలో రంగు రంగుకును మధ్య తేటయైన భేదము, మూర్తి చుట్టును దృఢమైన రేఖ, వెనుకనున్న ఆకసమునకును ముందున్న మనిషికిని స్పష్టమైన ఎడము కనిపించును. ఈ గుణములు అచ్చును జయించుటకు కూడ సాధనములైనవి. ప్రతి నెలయు, గడువు తప్పకుండ, ఏండ్ల తరబడి ఈ పని చేయుట తపస్సు వంటిదే.

ఆయన పురాణచిత్రములను నిదానముగ చూచినచో ఒక విశేషము తోచును. అందు నిలకడగా నున్న వస్తువు లేదు. ఉత్తరీయము ఎగురును, జుట్టు అలవలె లేచును, మేఘము సుడి తిరుగును. చెట్టుకొమ్మ కూడ కథలోని భావమునకు తగినట్లు వంగును. రాక్షసుడు వికారరూపుడే కాని, అతని కిరీటమును, హారములను, ఆయుధమును ఆయన దేవతల ఆభరణములకు చూపిన శ్రద్ధతోనే తీర్చెను. ప్రతినాయకుని చిన్నచేసినచో నాయకుని గెలుపు చిన్నదగునని కథకుడు ఎరుగును. పాపయ్యగారు రంగులతో కథ చెప్పిన కథకుడు. జరిగిపోయిన ఘట్టమును కాక, జరుగబోవు ఘట్టమునకు ముందున్న క్షణమును పట్టుట ఆయనకు ప్రీతి. బాణము ఇంకను వింటనే యుండును, అడుగు ఇంకను నేలను తాకదు. అందువలననే బాలుడు అట్ట త్రిప్పి కథలోనికి పరుగెత్తెడివాడు.

చందమామ పిల్లల లోకమైనచో, యువ మాసపత్రిక పెద్దల లోకము. అదియు చక్రపాణిగారిదే. దానియందు, ప్రత్యేకించి దీపావళి సంచికలందు, పాపయ్యగారి మరియొక రూపము ప్రకాశించినది. ఋతువులు, రాగములు, కావ్యములందలి నాయికలు, పండుగలు, పల్లెపడుచులు, కొండసీమల స్త్రీలు ఇచ్చట ఆయనకు విషయములైరి. కంటికి కానరాని రాగమునకు, చేతికి చిక్కని వసంతమునకు ఆయన స్త్రీరూపము నిచ్చెను. రాగములకును ఋతువులకును రూపము కల్పించుట మన దేశమున క్రొత్త కాదు. రాజస్థానపు సూక్ష్మచిత్రకారులు రాగమాలలను శతాబ్దుల క్రిందటనే వేసిరి. కాని ఆ సంప్రదాయమును తెలుగు చీరకట్టుతో, తెలుగు నగలతో, మన తాటితోపులతోను కొండవాలులతోను తిరిగి మొలిపించిన చేయి పాపయ్యగారిది. ఊదా, నీలము, గులాబి, పసుపు వన్నెలు ఆయన చేతిలో ఒకదానినొకటి వెలిగించును. సంధ్యవేళ తూర్పుకొండలపై క్రమ్ము నీలిఛాయను ఎరిగిన ఉత్తరాంధ్రులకు ఆ వన్నెలు పరాయివిగా తోపవు. తరువాతి కాలమున స్వాతి మున్నగు పత్రికలును ఆయన చిత్రములతో శోభించినవి.

ఆయన కళపై ఆక్షేపణలు లేకపోలేదు. వానిని దాచుట చరిత్రకు న్యాయము కాదు. ఆయన స్త్రీమూర్తులందరును ఒకే అచ్చున పోసినట్లుందురనియు, విశాలనేత్రములును ఉబ్బెత్తు అంగములును మితిమీరినవనియు కొందరందురు. పొలమున కలుపు తీయు పడుచు కూడ అలసట ఎరుగక అప్సరసవలె నిలుచుననియు, కరవును వలసలును ఎరిగిన సీమలో పుట్టిన చిత్రకారుడు ఆ బాధను కుంచెతో తాకలేదనియు మరికొందరందురు. ఈ మాటలలో నిజము లేదనజాలము. ఆయన లోకము ఉన్న లోకము కాదు, కోరదగిన లోకము. అయితే ఒక్క విషయము ఆలోచింపవలెను. అట్టి చిత్రములను చూచుటకు ఎదురుచూచినవారిలో దినమంతయు శ్రమించువారును ఉండిరి. పాతబడిన సంచికనుండి కత్తిరించిన ఆయన బొమ్మ మట్టిగోడపై అతుక్కొనినప్పుడు, ఆ ఇంట ఉన్న ఒకే ఒక వర్ణచిత్రము అదియే యగుట కలదు. వారికి తమ కష్టమును ఎవరును చిత్రించి చూపవలసిన పని లేదు. వారు వెలితిగా ఎరిగినది సౌందర్యము. దానిని అతి స్వల్పమగు వెలకు వారి ఇంటికి చేర్చిన వానిని కేవలము అలంకారప్రియుడని త్రోసివేయుట తగదు.

ఇంత పేరు పొందిన చిత్రకారుడు పేరునుండి పారిపోయినాడనిన ఆశ్చర్యము కలుగును. పాపయ్యగారు సభలకు పోవుటకు ఇష్టపడెడివారు కారు. సన్మానములన్న వెనుదీసెడివారు. తన్ను గూర్చి తాను చెప్పుకొనుట ఆయన ప్రకృతికి పడదు. చెన్నపట్టణపు సందడిని ఆయన తన శాశ్వతనివాసముగ చేసికొనలేదు. జీవితపు ఉత్తరభాగమున విశాఖపట్టణము జిల్లాలో, అనకాపల్లికి చేరువనున్న కశింకోటలో నివసించిరి. 1992 డిసెంబరు 30 వ తేదీన, డెబ్బదిరెండవ యేట, ఆయన పరమపదించిరి.

ఆయనకు చోటిచ్చిన పత్రికలును ఒక్కటొక్కటిగా కనుమరుగైనవి. భారతి 1991 లో ఆగిపోయినది. యువ కూడ నిలువలేదు. చందమామ కొంతకాలము చేతులు మారి, 2013 నాటికి వెలువడుట మానినది. పత్రికా చిత్రకారుని విధి ఇట్లే యుండును. గోడకు వ్రేలాడు చిత్రమునకు యజమాని యుండును, కాపలా యుండును, లెక్కలలో విలువ యుండును. అట్టమీది చిత్రమునకు ఆయువు ఒక నెల. మరునెల క్రొత్త సంచిక రాగానే పాతది పుస్తకములకు అట్టయగును, లేదా తూకమునకు పోవును. అందువలననే కళాచరిత్రలు వ్రాయువారు ప్రదర్శనశాలలను వెదకి, పత్రికల గుట్టలను వెదకకపోవుట జరిగినది. పాపయ్యగారి కళను ఇన్నాళ్లు కాపాడినవారు సామాన్య చదువరులు. సంచికలను కుట్టించి బీరువాలలో దాచినవారు, బొమ్మలను కత్తిరించి పుస్తకములలో అంటించుకొనినవారు, ఇటీవలి కాలమున ఆ పాత పుటలను కంప్యూటర్లలోనికి ఎక్కించి పదిమందికి పంచినవారు, వీరే ఆయనకు ప్రదర్శనశాల కట్టిరి.

ఉపాధ్యాయులకు ఇచ్చట ఒక మాట మనవి. పాపయ్యగారి జీవితమునుండి మనము గ్రహింపవలసినది ప్రతిభ దైవదత్తమన్న పాతమాట కాదు. ఒక డ్రాయింగు మాష్టరు, ఒక గోడపటము, కొన్ని కాగితములు, ఇవి మూడును ఒక ఇంట కలిసినందున ఒక చిత్రకారుడు పుట్టెను. ఆ ఇంటనున్న వసతి ప్రతి బాలునకును ఉండదు. దానిని ఈయగలిగినది బడియే. డ్రాయింగు పాఠమునకు కేటాయించిన గంటను లెక్కలకో, పరీక్షల తయారీకో వాడుకొనుట మనకు అలవాటైనది. ఆ గంటలో వెనుకబల్లపై కూర్చుండి, నోటుపుస్తకము చివరిపుటలో హనుమంతుని గీయుచున్న బాలుడొకడు ఉండవచ్చును. వాని చెవి మెలిపెట్టుటకు ముందు, వాడు గీసిన గీతను ఒక్కమారు చూడుడు. రామమూర్తిగారు తన కుమారుని విషయమున చేసినది అంతకన్న గొప్ప పని కాదు. కాని ఆ చూపు ఫలించి, నాగావళి ఒడ్డున పుట్టిన రంగులు భారతదేశమున పెక్కుభాషల పిల్లల కన్నులలో నిలిచిపోయినవి.